కుండలో ఏముంది?

నేను తాగను. ఆ మాట ముందే చెబుతున్నాను. గొప్ప చెప్పుకోవడానికి కాదు. తాగనివాడు తాగుడు గురించి రాస్తే నీతులు చెప్పడానికి బయల్దేరాడంటారు. సాయిబు రాస్తే ఇంకో మాట కూడా అంటారు: 'మీ మతంలో హరామ్ గదా, నీకెందుకీ గొడవ?' ఆ రెండో మాటకు ఇరవై ఏళ్లుగా నాలో నేనే జవాబు వెతుక్కుంటున్నాను. దొరికినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను.

2004 ఎండాకాలం. భద్రాచలం ఏజెన్సీలో ఒక పత్రికకు విలేకరిగా ఉన్నాను. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడుతూ పెరిగి, ఖమ్మంలో బి.ఏ. చదివినవాణ్ణి. అడవి నాకు కొత్త కాదు. అడవిలో వాళ్ల ఇళ్లలో కూర్చోవడం కొత్త. దుమ్ముగూడెం మండలంలో ఒక కోయగూడేనికి జ్వరాల వార్త కోసం వెళ్లాను. మధ్యాహ్నం ఎండ నెత్తి మాడుస్తోంది. ఒక ఇంటి ముందు ఆగి మంచినీళ్లు అడిగాను. ఆ ఇంటి పెద్దమ్మ నీళ్లిచ్చి, మంచం వాల్చి, కూర్చోమంది. నేను రాసుకుంటూ ఉంటే లోపలికెళ్లి అడ్డాకు దొప్పలో ఏదో పోసుకొచ్చింది. ఇవ్వబోయి ఆగింది.

"నువ్వు సాయిబువి గదా బిడ్డా?"

"అవును పెద్దమ్మా."

"మీరు తాగరు గదా."

"తాగం."

దొప్ప వెనక్కి తీసుకుంది. మొహం చిన్నబుచ్చుకోలేదు. 'ఒక్క గుక్కేగా, ఏం కాదులే' అని బలవంతపెట్టలేదు. నా క్లాస్‌మేట్లు, నా తోటి విలేకరులు, పెళ్లిళ్లలో నా పక్కన కూర్చున్న పెద్దమనుషులు ఎన్నిసార్లు ఆ మాట అన్నారో లెక్కలేదు. పెద్దమ్మ అనలేదు. మళ్లీ లోపలికెళ్లి, వేరే కుండలోంచి ఇంకో దొప్ప నింపుకొచ్చింది. "ఇది పొద్దున నానేసిన పువ్వు. ఇంకా పులవలే. పిల్లలు గూడ తాగుతరు. తాగు" అంది.

తాగాను. తియ్యగా, కాస్త పొగవాసనతో ఉంది. మా దాదీమా గుర్తుకొచ్చింది. రంజాన్‌లో దాదీమా రాత్రిపూట ఖర్జూరాలు నీళ్లలో నానేసి పెట్టేది. దాన్ని 'నబీజ్' అనేది. ప్రవక్త తాగిన పానీయమని చెప్పేది. హదీసుల్లోనూ ఆ మాట ఉంది. ఖర్జూరాలో ఎండుద్రాక్షో నానబెట్టిన నీళ్లు ఆయన ఒకటి రెండు రోజులు తాగేవారట. మూడో రోజు దాటితే ముట్టేవారు కాదు. అప్పటికి అది పులవడం మొదలవుతుంది గనక.

అదే పండు, అవే నీళ్లు, అదే కుండ. ఈరోజు హలాల్, నాలుగో రోజు హరామ్. చెడ్డతనం పండులో లేదు, కుండలో లేదు, నానబెట్టిన చేతిలోనూ లేదు. ఖురాన్ ఈ సంగతిని ఒక్కసారిగా తేల్చలేదని చదువుకున్నవాళ్లకు తెలుసు. నహల్ సూరాలో ఖర్జూరం, ద్రాక్ష పండ్ల నుంచి మనుషులు మత్తునూ తీసుకుంటారు, మంచి ఆహారాన్నీ తీసుకుంటారు అన్న ప్రస్తావన ఉంది. బఖరా సూరాలో మద్యానికి కొంత లాభమూ ఉంది గానీ కీడు ఎక్కువ అన్న తూకం ఉంది. నిసా సూరాలో మత్తులో నమాజుకు దగ్గరికి రావద్దన్న కట్టడి ఉంది. చివరికి మాయిదా సూరాలో పూర్తి నిషేధం వచ్చింది. తాగుడు అలవాటైన సమాజంతో ఏళ్ల తరబడి మాట్లాడి, వాళ్లకు నచ్చచెప్పి, మెల్లిగా మానిపించిన తీరు అది. ఒక్క రాత్రిలో జీపుల్లో వచ్చి కుండలు పగలగొట్టిన తీరు కాదు. నిషేధం దిగిన రోజు మదీనా వీధుల్లో మద్యం పారిందంటారు. ఎవరి కుండను వాళ్లే ఒంపుకున్నారు.

పెద్దమ్మ ఇంట్లో ఆ రోజు సాయంత్రం దాకా ఉన్నాను. సారా ఎలా చేస్తారో ఆమెనే అడిగి రాసుకున్నాను. ఇప్పపువ్వును కొయ్యరు. ఫాల్గుణం చివర్లో, చైత్రంలో తెల్లవారుజామున అదే రాలుతుంది. చెట్టు కింద ఆకూ అలమూ ఊడ్చి, కాల్చి, నేల శుభ్రంగా ఉంచుకుంటారు. చీకటితోనే ఆడవాళ్లు, పిల్లలు బుట్టలతో వెళ్లి ఏరుతారు. పాలరంగు పువ్వు ఎండితే ఎర్రబడి కిస్‌మిస్‌లా ముడుచుకుంటుంది. ఎండిన పువ్వులో సగానికి పైగా చక్కెరే. కరువు రోజుల్లో దాన్నే ఉడకబెట్టుకుని తిని బతికారు. కాయలోని పలుకు నుంచి నూనె తీస్తారు. 1956లో పెట్టిన గిరిజన సహకార సంస్థ పువ్వునూ పలుకునూ కొంటుంది.

ఎండిన పువ్వును కుండలో నానేసి నాలుగైదు రోజులు పులియనిస్తారు. తర్వాత పొయ్యి మీద కుండ, దాని మీద ఇంకో కుండ. సందుల్లో మట్టి మెత్తుతారు. వెదురు గొట్టం దించుతారు. చల్లనీళ్లు మారుస్తూ ఉంటారు. ఆవిరి చల్లబడి చుక్క చుక్కగా దిగుతుంది. దిగిన దాంట్లో ముందు చుక్కలు నేలకు, చనిపోయిన పెద్దలకు. ఆ తర్వాతే మనుషులకు.

"కొన్నది కాదు బిడ్డా. చెట్టు ఇచ్చింది. కుండ మాది, కట్టె మాది, చెయ్యి మాది" అంది పెద్దమ్మ.

ఆ ముచ్చట నేను పత్రికకు రాయలేదు. జ్వరాల వార్త రాశాను. తర్వాత ఏడాది అదే గూడెం పేరు నా బల్ల మీదికి ఇంకో రకంగా వచ్చింది. దాడి చేసిన శాఖ వాళ్లు ఇచ్చిన ప్రకటన అది. 'నాటుసారా స్థావరాలపై మెరుపుదాడులు', ఇన్ని కుండలు ధ్వంసం, ఇన్ని లీటర్ల ఊట పారబోత, ఇంతమందిపై కేసు. సాయంత్రం ఆరు దాటింది. పేజీ కదలాలి. మామూలుగా రోజూ చేసే పనే చేశాను. ప్రకటనలో ఉన్న మాటలను అటూ ఇటూ మార్చి పంపించాను. 'స్థావరాలు' అన్న మాటను మాత్రం మార్చలేదు. అలవాటైన మాట. చేతికి అడ్డం తగల్లేదు.

పది రోజుల తర్వాత వేరే పని మీద అటు వెళ్తే, పెద్దమ్మ ఇంటి ముందు పెంకులు ఇంకా అలాగే ఉన్నాయి. పండుగ కోసం పెట్టుకున్న ఊట అట. పువ్వు గంప కూడా తొక్కేశారు. తిండికి దాచుకున్నదీ సారాకు దాచుకున్నదీ వాళ్లకు ఒకటే. నన్ను చూసి ఆమె తిట్టలేదు. "పేపర్ల వచ్చిందంట గదా. ఏమని రాసిండ్రు బిడ్డా?" అని అడిగింది. రాసింది నేనేనని ఆమెకు తెలియదు. నోరు పెగల్లేదు. చివరికి చెప్పాను, 'సారా స్థావరం' అని రాశారని.

"స్థావరం అంటే ఏంది?"

తెలుగు విలేకరిని. నాకు ఆ మాటకు అర్థం చెప్పడం చేతకాలేదు. దొంగలు దాక్కునే చోటు అని చెప్పాలా? ఆమె వంటిల్లు చూపించి చెప్పాలా?

ఆ మాట నన్ను ఆ తర్వాత వేరే దారిలో వచ్చి పట్టుకుంది. 2007 మే నెలలో హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగింది. వరసగా ముస్లిం కుర్రాళ్లను పట్టుకుపోయారు. నేను చదివిన పేపర్లలో మళ్లీ అదే మాట: 'ఉగ్రవాదుల స్థావరాలు'. నాకు తెలిసిన గల్లీలు, నేను సేమియా తిన్న ఇళ్లు, చిన్నాన్న వరస వాళ్లు కిరాయికుండే వాడలు. తర్వాత ఆ కుర్రాళ్లలో పలువురు కోర్టుల్లో నిర్దోషులుగా బయటికొచ్చారు. 'స్థావరం' అని అచ్చయిన మాట మాత్రం వెనక్కి రాలేదు. ఆ రోజు నాకు గూడెంలో పెద్దమ్మ అడిగిన ప్రశ్న అర్థమైంది. ఒక మనిషి ఇంటిని ఇల్లు అని పిలవడం మానేసిన క్షణం నుంచే ఆ ఇంట్లోకి ఎవరైనా చెప్పులతో నడిచి పోవచ్చు. తలుపు కొట్టక్కర్లేదు.

2015లో దాద్రి దగ్గర ఒక ముసల్మాన్‌ను ఇంట్లోంచి లాగి కొట్టి చంపారు. ఆ ఇంట్లో ఏ మాంసం వండారన్నది నేరం. మనిషి పోయాక మాంసాన్ని పరీక్షకు పంపారు. దేశమంతా ఆ పరీక్ష ఫలితం గురించి వాదించుకుంది. ఆవుదా, మేకదా అని. నాకు ఆ వాదనే వెగటనిపించింది. మేకదని తేలితే చంపింది తప్పు, ఆవుదని తేలితే ఒప్పా? ముందు అడగాల్సింది వేరే ప్రశ్న. ఒకరి కుండలో ఏముందో మూత తీసి చూసే హక్కు ఇంకొకరికి ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ ప్రశ్న నా కుండ విషయంలో అడగడం తేలిక. పెద్దమ్మ కుండ విషయంలో అడగడం కష్టం. ఎందుకంటే ఆమె కుండలో ఉన్నది నాకు హరామ్. అయినా అడగాలి. నా కుండ కోసం మాత్రమే అడిగితే అది న్యాయం కాదు, నా బేరం.

ఇంతవరకు రాసి ఆగిపోతే నేను మంచివాణ్ణే అయిపోతాను. కానీ చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. మా అబ్బాజాన్‌ది బెల్లం కొట్టు.

పాల్వంచ, భద్రాచలం దారిలో ఒక చిన్న ఊళ్లో ఉండేది మా కొట్టు. బెల్లం, చింతపండు, ఉప్పు, పప్పులు. సంతకు వచ్చే కోయవాళ్లు చింతపండో, కుంకుళ్లో, ఇప్పపువ్వో తెచ్చి, బదులుగా ఉప్పూ బెల్లమూ తీసుకుపోయేవాళ్లు. అబ్బాజాన్ తూకంలో మోసం చేయలేదని ఊళ్లో పేరు. ఐదు పూటలా నమాజు చేసేవాడు. మద్యం వాసన వస్తున్న మనిషిని కొట్టు అరుగు మీద కూర్చోనిచ్చేవాడు కాదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి ఆడవాళ్లు సారా మీద లేచారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మొత్తం మద్యాన్నే నిషేధించింది. ఆ ఏళ్లలో మా కొట్టుకు ఎప్పుడూ లేనంత బేరం వచ్చింది. తినే బెల్లానికి కాదు, నల్లబెల్లానికి. తినడానికి పనికిరాని, తేమపట్టిన, చవక బెల్లం. ఎవరో వచ్చి బస్తాలకు బస్తాలు తీసుకుపోయేవాళ్లు. నవసారం మాత్రం అబ్బాజాన్ అమ్మలేదు. 'అది జహర్, నా కొట్లో పెట్టను' అనేవాడు. ఆ బెల్లం, పక్క కొట్లో దొరికే నవసారం రెండూ ఒకే కుండలోకి వెళ్తాయని ఆయనకు తెలియదా? తెలుసు. అప్పుడు నాకు పద్నాలుగేళ్లు. నాకే తెలుసు.

గుడుంబాకూ ఇప్పసారాకూ తేడా తెలియని వాళ్లు చాలామంది ఉన్నారు. నా పేపరుకూ తెలియదు. ఇప్పసారా పువ్వుతో, ఇంట్లో, పండుగకూ చావుకూ పెళ్లికీ. గుడుంబా నల్లబెల్లంతో, నవసారంతో, అమ్మకానికి, రోజూ. మొదటిది ఊరిది. రెండోది ఊరిమీదికి వచ్చింది. రెండూ తాగితే మత్తే, కాదనను. కానీ ఒకదాన్ని ఇంకోదాని పేరుతో కొట్టడం అన్యాయం.

అబ్బాజాన్ ఒకసారి మౌల్వీ సాబ్‌ను అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. మద్యం విషయంలో పదిమంది మీద లానత్ ఉందన్న హదీసు ఆయనను పట్టి పీడిస్తోంది. రసం పిండేవాడు, పిండించుకునేవాడు, తాగేవాడు, మోసేవాడు, మోయించుకునేవాడు, పోసేవాడు, అమ్మేవాడు, ఆ సొమ్ము తినేవాడు, కొనేవాడు, ఎవరి కోసం కొంటారో అతను. 'బెల్లం అమ్మేవాడు ఈ పదిమందిలో ఉన్నాడా హజ్రత్?' అని అడిగాడు. మౌల్వీ సాబ్ కితాబు తీసి చెప్పారు. ద్రాక్షరసాన్ని మద్యం చేసేవాడికి అమ్మినా తప్పులేదని ఇమామ్ అబూ హనీఫా అభిప్రాయం. పాపం రసంలో లేదు, దాన్ని మార్చినవాడి పనిలో ఉంది గనక. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్, ఇమామ్ ముహమ్మద్ మాత్రం అది తగదన్నారు. పాపానికి చేయూత అవుతుంది గనక. రెండు అభిప్రాయాలూ చెప్పి, ఏది తీసుకోవాలో మౌల్వీ సాబ్ చెప్పలేదు. అబ్బాజాన్ మొదటిది తీసుకున్నాడు. కొట్టు నడిచింది. నా ఇంటర్, నా బి.ఏ., మా అక్క నిఖా, ఇంటి మీద స్లాబు అన్నీ ఆ నాలుగైదేళ్లలోనివే.

చాలా ఏళ్ల తర్వాత, కొట్టు మూసేశాక, ఒక రోజు ఫజర్ నమాజు చేసి వచ్చి ఆయనే మాటెత్తాడు. "ఇమామ్ సాబ్ చెప్పింది రసం సంగతి బేటా. రసం వంద పనులకు పనికొస్తుంది. రాత్రి పదకొండింటికి లైట్లు ఆర్పి ఆటోలో ఎక్కించే నల్లబెల్లం ఎన్ని పనులకు పనికొస్తుంది?" నేను జవాబు చెప్పలేదు. ఆయన నా జవాబు కోసం అడగలేదు.

ఇప్పుడు ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడండి. బస్తాల కొద్దీ నల్లబెల్లం అమ్మిన మా కొట్టును ఎవరూ స్థావరం అనలేదు. ఆ డబ్బుతో చదువుకున్న కొడుకు ఒక పెద్దమ్మ వంటింటిని స్థావరం అని రాశాడు. నేను తాగలేదు. నా చేతికి మత్తు అంటలేదు. నా పెదవులు శుభ్రంగా ఉన్నాయి. పెదవులు శుభ్రంగా ఉంటే మనిషి శుభ్రంగా ఉన్నట్టేనా? ఈ ప్రశ్న నన్ను నా మతమే అడిగించింది. ఆ హదీసులో తాగేవాడు పదిమందిలో ఒకడు మాత్రమే.

ప్రభుత్వాల సంగతి ఇంకా విడ్డూరం. ఈ అడవిలో కల్లుకుండ మీద చెయ్యి వేయడం కొత్తగా మొదలైంది కాదు. గోదావరి మన్యంలో తాటికల్లు, జీలుగుకల్లు ఇంటి అవసరానికి గీసుకునేవాళ్ల మీద చిగురుపన్ను ఉండేది. దాని మీద బ్రిటిష్ వాళ్ల ఆబ్కారీ నియమాలు, కాంట్రాక్టర్లు వచ్చి పడ్డారు. ఇంటి కోసం గీసుకోవడమే నేరమైంది. 1879లో రంప తిరగబడింది. ఆ మంట అదే ఏడాది భద్రాచలం తాలూకాలోని రేకపల్లి దాకా వచ్చింది. అక్కడ పోడు మీద పెంచిన పన్ను కూడా కోపానికి కారణం. కల్లు కోసం యుద్ధం చేశారని నవ్వేవాళ్లున్నారు. వాళ్లు కల్లు కోసం చేయలేదు. తమ చెట్టు, తమ కుండ, తమ చెయ్యి అన్న మాట కోసం చేశారు.

స్వాతంత్ర్యం వచ్చాక ఏం మారింది? ఇంట్లో కుండ పెడితే నేరం. సారా పాటలు ప్రభుత్వమే పాడించింది. 1980లలో 'వారుణి వాహిని' అని పేరు పెట్టి ప్యాకెట్లలో సారా పంపించింది. నిషేధం పెట్టిన రాష్ట్రమే 1997లో దాన్ని సడలించింది. ఖజానాకు డబ్బు కావాలి. ఇవాళ ఏజెన్సీలోనూ సీసా దొరకని మండల కేంద్రం నాకు కనిపించలేదు. సీలు ఉంటే చట్టం, ఆకు దొప్ప ఉంటే నేరం. ఇది మద్యం మీద కోపమా? మత్తు మీద కోపమైతే సీసా ముందు పగలాలి. ఇది చేతి మీద కోపం. పన్ను కట్టకుండా తనకు కావాల్సింది తానే చేసుకునే చేతి మీద.

నా బి.ఏ. క్లాస్‌మేట్ ఒకడు టొరంటో దగ్గర ఉంటాడు. మొన్న ఫోన్లో గర్వంగా చెప్పాడు, 'నా చేత్తో వైన్ చేశాను' అని. అక్కడ దాని కోసమే దుకాణాలున్నాయి. పాత్రలు, గొట్టాలు, సరుకు వాళ్లవి. కస్టమర్ వెళ్లి స్వయంగా ఈస్టు చల్లాలి. కొన్ని వారాల తర్వాత వెళ్లి స్వయంగా సీసాల్లో పట్టుకోవాలి. అమ్మకూడదు, ఇంటికి తీసుకుపోయి తాగాలి. బ్రిటన్‌లో ఇంట్లో బీరు కాచుకోవడానికి లైసెన్సు అక్కర్లేదని 1963లో తేల్చారు. అమెరికాలో 1978 చట్టం ఇంట్లో బీరు కాచుకోవడానికి దారి ఇచ్చింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా, అంటే సుమారు 757 లీటర్లు. హైదరాబాదులోనూ మైక్రో బ్రూవరీలు వచ్చాయి. స్టీలు ట్యాంకులు అద్దాల వెనక పెట్టి చూపిస్తారు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్మిస్తామని ప్రకటించింది. నగరంలో చేస్తే హుందా, గూడెంలో చేస్తే మొరటు. సీసాకు లేబుల్ అంటించి అంగట్లో పెడితే వారసత్వం, పెద్దమ్మ పొయ్యి మీద ఉంటే స్థావరం. మా వాడి వైన్‌కూ పెద్దమ్మ సారాకూ తేడా ఏమిటో నాకు తెలుసు. మా వాడి దుకాణం తలుపు ఎవరూ తన్నరు.

అయితే ఇంత చెప్పి తాగుడును మెచ్చుకుంటున్నానా? లేదు. దూబగుంట ఆడవాళ్లు చేసింది తప్పు అనే ధైర్యం ఎవరికీ ఉండకూడదు. అడవి సారా అంతా అమృతం, గూడెంలో ఆడవాళ్లు దెబ్బలు తినరు అని రాస్తే అది ఇంకో అబద్ధం. పెద్దమ్మ భర్త తాగుడుతోనే పోయాడు. ఆమే చెప్పింది. "పువ్వు సారాతో కాదు బిడ్డా, ప్యాకెట్లతోటి" అంది. కాసేపాగి, "పువ్వు సారా తాగి గూడ కొట్టిండు" అంది. ఆ రెండో మాట నేను దాచుకోకూడదు. దాచుకుంటే ఆమె కుండ కోసం మాట్లాడుతూ ఆమె వీపును మర్చిపోయినట్టు.

మరి ఎవరు ఆపాలి? ఇక్కడే నాకు మదీనా వీధులు గుర్తొస్తాయి. 1996లో వచ్చిన పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల్లో మత్తుపదార్థాలను నిషేధించాలా, నియంత్రించాలా అన్న అధికారంలో గ్రామసభకు చోటిచ్చింది. ఊరు కూర్చుని, ఆడవాళ్లు కూడా కూర్చుని, పండుగకు ఉండనిద్దాం, అమ్మకం వద్దు అనుకుంటే అది వాళ్ల నిషేధం. అసలే వద్దనుకుంటే అదీ వాళ్లదే. కుండ వాళ్ల చేతులతోనే ఒంపుకుంటారు. బయటివాడు వచ్చి పగలగొట్టిన కుండ వారం తిరక్కుండా మళ్లీ పొయ్యెక్కుతుంది. ఇంకొంచెం లోపలి అడవిలో. పగలగొట్టినవాడికి తెలిసేది లెక్క ఒక్కటే, ఇన్ని లీటర్లని.

నా హరామ్ నాది. నేను దాన్ని పుట్టుకతో పొందాను, పెద్దయ్యాక ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాను గనకనే దానికి విలువ. మా వాళ్లలోనూ తాగేవాళ్లున్నారు. ఉర్దూ షాయరీ నిండా షరాబే. రియాజ్ ఖైరాబాదీ జీవితమంతా మధుశాల మీదే రాసి, ఎన్నడూ ముట్టలేదంటారు. గాలిబ్ ముట్టాడు, దాచలేదు. 1857 తర్వాత ఒక ఇంగ్లీషు కర్నల్, నువ్వు ముసల్మాన్‌వా అని అడిగితే, సగం అన్నాడట. మద్యం తాగుతాను, పందిమాంసం తినను అని వివరించాడట. అందరూ ఆ చమత్కారానికి నవ్వుతారు. నాకు ఆ ప్రశ్నే గుచ్చుకుంటుంది. గెలిచినవాడు ఓడినవాణ్ణి నిలబెట్టి, నీ గిన్నెలో ఏముంది, నీ గ్లాసులో ఏముంది, దాన్ని బట్టి నువ్వెవరో చెప్పు అని అడుగుతున్నాడు. మనల్ని ఇప్పటికీ అలాగే అడుగుతున్నారు. తాగకపోతే ఛాందసుడు, తాగితే 'మంచి ముస్లిం'. ఆఫీసు పార్టీలో నేను గ్లాసు పట్టుకోకపోవడాన్ని నా ఇష్టంగా ఎవరూ చూడరు, నా మతం నా మెడకు కట్టిన తాడుగా చూస్తారు. పెద్దమ్మ ఒక్కతే దాన్ని నా మర్యాదగా చూసింది. నా హద్దు ఎక్కడుందో అడిగి తెలుసుకుని, ఆ హద్దుకు ఇవతల నాకు ఏం పెట్టవచ్చో వెతికి పెట్టింది.

నేను ఆమెకు అందులో సగం చేసినా చాలేది. నా హద్దును ఆమె గౌరవించింది, ఆమె గడపను నేను గౌరవించలేదు.

ఆ వార్తకు సవరణ వేయించలేదు. వేయమని అడగలేదు కూడా. ఇప్పుడు ఏ ప్రకటన వచ్చినా 'స్థావరం' అన్న మాటను కొట్టేసి 'ఇల్లు' అని రాస్తాను. డెస్కు వాళ్లు మళ్లీ మారుస్తారు. మళ్లీ రాస్తాను. అబ్బాజాన్ పోయి ఆరేళ్లయింది. ఆయన అడిగిన ప్రశ్నకూ, పెద్దమ్మ అడిగిన ప్రశ్నకూ జవాబు బాకీ ఉన్నాను.

పోయిన రంజాన్‌లో సంత నుంచి ఇప్పపువ్వు తెచ్చి, సహరీ అయ్యాక కడిగి నానేశాను. ఇఫ్తార్‌కు దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరం పక్కన పెట్టాను. అమ్మీ గిన్నె మూత తీసి, వాసన చూసి, నా వైపు చూసింది.

"ఏ హలాల్ హై క్యా బేటా?"

"పొద్దున్నే నానేశాను అమ్మీ. ఇంకా పులవలేదు" అన్నాను.

మాట నాదే గానీ, ఆ మాట నాకు నేర్పింది ఎవరో అమ్మీకి ఇంకా చెప్పలేదు. చెప్పాలంటే మొత్తం చెప్పాలి.